కృత్యాలు చేయిస్తే గోలే మిగులుతోందా? కొత్తగా చేరిన టీచర్‌కు ఒక పాత టీచర్ సమాధానం

మీరు రాసినది క్లుప్తంగా ఇదీ. కొత్తగా చేరారు. రెండో తరగతి ఇచ్చారు, పిల్లలు 35 మంది. శిక్షణలో చెప్పినట్టు కృత్యాలు, అంటే పిల్లలు చేస్తూ నేర్చుకునే పనులు, చేయిద్దామని మొదలుపెడితే క్లాసంతా గోల. రాత్రిళ్లు కూర్చుని చార్టులు, కార్డులు తయారుచేస్తున్నారు. తీరా క్లాసులో నలుగురైదుగురు పిల్లలే అన్నీ చెప్పేస్తున్నారు. సిలబస్ సాగడం లేదు. తల్లిదండ్రులేమో "రోజూ ఆటలేనా, చదువెప్పుడు చెబుతారు" అంటున్నారు. మీరు అడిగినవి మూడు: మంచి కృత్యాల జాబితా, గోల తగ్గించే మార్గం, పిల్లలకు నిజంగా వచ్చిందో లేదో తెలుసుకునే పద్ధతి.

జాబితా మాత్రం ఇవ్వను. ఎందుకంటే మీ దగ్గర ఇప్పటికే ఉంది, శిక్షణ పుస్తకాల నిండా అవే. ఒకే కృత్యం ఒక క్లాసులో బ్రహ్మాండంగా నడుస్తుంది, పక్క క్లాసులో అల్లరిగా ముగుస్తుంది. తేడా కృత్యంలో ఉండదు. ఏ కృత్యాన్నయినా నేను ఒక్క ప్రశ్నతోనే తూస్తాను: ఈ నిమిషంలో ఎంతమంది పిల్లలు ఆలోచిస్తున్నారు, దేని గురించి ఆలోచిస్తున్నారు?

ఉదాహరణకు "ల" అక్షరం నేర్పడానికి చాలామంది చేయించే పని ఒకటుంది. పెద్ద "ల" గీసి ఇస్తారు, పిల్లలు రంగుకాగితం ముక్కలు చించి దాని మీద అంటిస్తారు. చూడముచ్చటగా ఉంటుంది, గోడకు తగిలించుకోవచ్చు. కానీ ఆ అరగంటలో పిల్లవాడు ఆలోచించింది జిగురు గురించి, పక్కవాడు లాక్కున్న ఎర్రకాగితం గురించి. "ల" గురించి ఆలోచించింది ఎంతసేపని? వేళ్లకు పని చెప్పడానికి అది మంచిదే, కాదనను. అక్షరం నేర్పే కృత్యం కింద మాత్రం లెక్కేయకండి. అదే పిల్లలతో పలకలు తీయించి, "నేను ఒక్కో మాట చెబుతాను, అందులో 'ల' వినబడితే పలక మీద గీత గీయండి, లేకపోతే సున్నా పెట్టండి" అని పది మాటలు చెప్పండి. ఖర్చు లేదు, తయారీ లేదు, అయిదు నిమిషాల పని. 35 మందీ పదిసార్లు "ల" కోసం చెవులు రిక్కిస్తారు.

పలక గురించి ఇంకాస్త చెప్పాలి. ప్రాథమిక తరగతిలో దానికి మించిన బోధనోపకరణం నాకు కనిపించలేదు. అక్షరాలు దిద్దుకోవడానికి మాత్రమే వాడి పక్కన పెట్టేస్తున్నారు గానీ, అసలు ఉపయోగం వేరే ఉంది. మీరు ప్రశ్న అడుగుతారు. పిల్లలు ఎవరికి వారు జవాబు రాసి పలక బోర్లా పెట్టుకుంటారు. మీరు "చూపించండి" అనగానే అందరూ ఒక్కసారే ఎత్తుతారు. రెండు చూపుల్లో క్లాసు మొత్తం మీ ముందుంటుంది: ఎవరికి వచ్చింది, ఎవరికి రాలేదు, ఎక్కువమంది చేసిన తప్పేమిటి. బోర్లా పెట్టించడం ముఖ్యం, లేకపోతే పక్కవాడి పలకే అందరికీ జవాబవుతుంది. పలకలు లేకపోతే పాత కాగితాల వెనక వైపు చాలు.

దీనికి పూర్తిగా ఎదురు పద్ధతి మనందరికీ అలవాటైన ఆ మాట: "అర్థమైందా?" వెంటనే క్లాసంతా ఏక కంఠంతో "అర్థమైంది టీచర్!" అది జవాబు కాదు, పాట. అర్థం కానివాడు అందరికంటే గట్టిగా అరుస్తాడు కూడా. ఎక్కాలు, గేయాలు అందరితో కలిపి చెప్పించడంలో తప్పేమీ లేదు. కానీ ఎవరికి వచ్చిందో తెలుసుకోవాలనుకున్నప్పుడు బృందగానం పనికిరాదు.

ఆ నలుగురైదుగురి సంగతి. చేతులెత్తమంటే ఎప్పుడూ వాళ్లే ఎత్తుతారు, మిగతా ముప్పైమందికి ఆలోచించే అవసరమే ఉండదు. రెండు చిన్న మార్పులు చేయండి. ఒకటి, ప్రశ్న అడిగాక ఆగండి. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970ల్లో తరగతులను గమనించి తేల్చిన సంగతి ఇది: ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారు. దాన్ని మూడు సెకన్లకు పెంచితే జవాబులు పొడవుగా వస్తున్నాయి, మాట్లాడే పిల్లల సంఖ్య పెరుగుతోంది, అసలు జవాబే రాకపోవడం తగ్గుతోంది. వినడానికి మూడు సెకన్లే, క్లాసు ముందు నిలబడితే తెలుస్తుంది అదెంత పొడవో! మనసులో లెక్కపెట్టుకోండి. రెండోది, ఐస్‌క్రీమ్ పుల్లల మీద పేర్లు రాసి డబ్బాలో వేసుకోండి. ముందు ప్రశ్న, తర్వాత ఆగడం, ఆ తర్వాతే పుల్ల తీయడం. పేరు ముందు పిలిచి ప్రశ్న తర్వాత అడిగితే, పిలవబడనివాళ్లు అక్కడితో ఊపిరి పీల్చుకుంటారు. తీసిన పుల్లను మళ్లీ డబ్బాలోనే వేయండి, ఒకసారి చెప్పినవాడికి ఇక సెలవు దొరికినట్టు కాకుండా. పేరొచ్చిన పిల్లకు జవాబు తెలియకపోతే వదిలేయకండి, అలాగని నిలబెట్టకండి. ఇంకొకరు చెప్పాక మళ్లీ ఆమె దగ్గరికే వచ్చి "ఇప్పుడు నువ్వు చెప్పమ్మా" అంటే చాలు.

ఇక జట్లు. ఆరేడేళ్ల పిల్లల్ని ఆరుగురేసి గుండ్రంగా కూర్చోబెడితే ఇద్దరు చేస్తారు, ఇద్దరు చూస్తారు, ఇద్దరు కొట్టుకుంటారు. రెండో తరగతికి జంటలే సరిపోతాయి. ముందు ఒంటరిగా ఆలోచించు, తర్వాత పక్కవారితో చెప్పు, ఆ తర్వాత అందరికీ చెప్పు. 1981లో ఫ్రాంక్ లైమన్ అనే అమెరికా విద్యావేత్త ఈ మూడు మెట్ల పద్ధతిని రాసి పెట్టారు, అప్పటినుంచి ప్రపంచమంతా వాడుతున్నారు. మన దగ్గర చేసేటప్పుడు మొదటి మెట్టు ఎగిరిపోతుంది. "పక్కవాళ్లతో మాట్లాడుకోండి" అని నేరుగా వదిలేస్తాం. ఆలోచించుకునే వ్యవధి లేకపోతే గట్టిగా మాట్లాడే పిల్ల చెబుతుంది, రెండో పిల్ల తలూపుతుంది. ఎవరు ముందు మాట్లాడాలో కూడా మీరే చెప్పండి: "కిటికీ వైపు కూర్చున్నవాళ్లు ముందు." తర్వాత అందరి ముందు "నువ్వేమనుకున్నావు" అని కాకుండా "నీ జంట ఏం చెప్పింది" అని అడగండి. వినక తప్పని పరిస్థితి వస్తుంది. మాట్లాడటానికి బెదిరే పిల్లలకు కూడా ఇది తేలిక, ఎందుకంటే చెప్పాల్సింది వేరేవాళ్ల మాట.

శిక్షణలో "జిగ్‌సా" అని కూడా చెప్పి ఉంటారు, ఒక్కో జట్టు పాఠంలో ఒక్కో ముక్క నేర్చుకుని మిగతావాళ్లకు నేర్పడం. ఇలియట్ ఆరన్సన్ అనే మనస్తత్వవేత్త 1971లో అమెరికాలోని ఆస్టిన్‌లో మొదలుపెట్టిన పద్ధతి. మంచిదే. కానీ చదివి అర్థం చేసుకుని మళ్లీ వివరించగల పిల్లలకు. నాలుగైదు తరగతులు వచ్చేదాకా దాని జోలికి పోకండి.

లెక్కల్లో కృత్యం నిజంగా అవసరమైన చోటు ఒకటుంది, అది స్థాన విలువ, అంటే అంకె ఉన్న చోటును బట్టి దాని విలువ మారడం. రెండో తరగతిలో మిగతావన్నీ కాస్త అటూఇటూ అయినా సర్దుకోవచ్చు, ఇది జారితే మూడు, నాలుగు, అయిదు తరగతుల లెక్కలన్నీ కుంటుతాయి. పిల్లలతో "నూట అయిదు" రాయించి చూడండి. కొందరు 1005 అని రాస్తారు. తెలివితక్కువతనం కాదది, విన్నది విన్నట్టు రాశారు: నూరు, పక్కన అయిదు. 42లోంచి 17 తీసేయమంటే 35 అంటారు. పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేశారు, ఏది పైన ఉంది ఏది కింద ఉంది అన్నది వాళ్లకు లెక్కలోనే లేదు. ఈ రెండు తప్పులకూ మూలం ఒకటే. 42లోని 4 అంటే నాలుగు పదులని వాళ్లకు నోటికి వచ్చు, మనసుకు ఎక్కలేదు.

పుల్లల కట్టలు అందరూ వాడుతున్నారు కదా అంటారేమో. వాడుతున్నారు, టీచర్ బల్ల మీద. ముందే కట్టిపెట్టిన కట్టలు ఎత్తి చూపించి "ఇది పది" అంటారు. పిల్లలకు అది పుల్లల బొమ్మతో సమానం. కట్ట కట్టాల్సింది పిల్లలు. జంటకొక గుప్పెడు పుల్లలు, కొన్ని రబ్బరు బ్యాండ్లు ఇచ్చి "ఎన్నున్నాయో లెక్కపెట్టండి" అనండి. మధ్యలో మీరే వెళ్లి కబుర్లు పెట్టి లెక్క తప్పించండి. మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాల్సి వస్తుంది, విసుక్కుంటారు. అప్పుడు పదేసి కట్టలు కట్టమంటే ఎందుకు కడుతున్నారో వాళ్లకే తెలుస్తుంది. తీసివేత రోజున 42 పుల్లలు, అంటే నాలుగు కట్టలు రెండు విడిపుల్లలు, వాళ్ల ముందుంచి "నాకు 17 ఇవ్వండి" అనండి. ఒక కట్ట, సరే. ఏడు విడిపుల్లలు ఏవి? రెండే ఉన్నాయి. కాసేపు అందరూ ఆగిపోతారు. ఆ ఆగడం మీ పాఠంలో అతి విలువైన సమయం, దయచేసి మీరు జవాబు చెప్పి దాన్ని పాడుచేయకండి. ఎవరో ఒకరు "కట్ట విప్పుదామా టీచర్?" అంటారు. పక్కనుంచి పది అప్పు తెచ్చుకోవడమంటే ఏమిటో ఆ కట్ట విప్పిన చేతికి తెలుస్తుంది.

తర్వాతి మెట్టు దగ్గరే ఎక్కువమంది జారిపోతారు. పుల్లలతో చేయించాం, అయింది, ఇక నోటుపుస్తకంలో అంకెలు. మధ్యలో బొమ్మ కావాలి. కట్టకు నిలువుగీత, విడిపుల్లకు చుక్క. 42 అంటే నాలుగు గీతలు, రెండు చుక్కలు. గీత ఒకటి కొట్టేసి పది చుక్కలు పెట్టి, అందులోంచి తీసేయడం. చేతితో చేయడం, బొమ్మగా చూడటం, గుర్తులతో రాయడం అనే ఈ వరుసను జెరోమ్ బ్రూనర్ అనే మనస్తత్వవేత్త 1960ల్లోనే వివరించారు. నా సలహా ఏమిటంటే, పుల్లలూ బొమ్మా అంకెలూ మూడింటినీ కొన్నాళ్లు పక్కపక్కనే నడపండి. పుల్లలతో కట్ట విప్పినప్పుడే పలక మీద గీత కొట్టేయాలి, అప్పుడే పైన 4ను 3గా మార్చాలి. పుల్లలు లేకుండా చేయగలనన్న పిల్లవాడిని ఆపకండి. తప్పు చేసిన రోజున "పుల్లలతో చేసి చూపించు" అంటే చాలు, తప్పు వాడికే కనిపిస్తుంది.

అంగడి ఆట కూడా ఇలాగే చెడిపోతుంది. బొమ్మ నోట్లు, ఖాళీ డబ్బాలు, ఒక పిల్లాడు దుకాణదారు. ఫోటోకు బాగుంటుంది. కానీ లెక్క కట్టేది దుకాణదారొక్కడే, మిగతావాళ్లు వరుసలో తోసుకుంటూ నిలబడతారు. వరుస ఉందంటేనే అనుమానించండి. ఒక్కో కొనుగోలుకూ చిల్లర ఎంతో అందరూ పలక మీద రాయాలి, దుకాణదారు ఇచ్చిన చిల్లర తప్పయితే పట్టుకోవాలి అని పెట్టండి. ఆట మారదు, క్లాసు మారిపోతుంది.

ఓడినవాళ్లు బయటికి వెళ్లిపోయే ఆటలను చదువు కోసం వాడకండి. ఎక్కం చెప్పలేకపోతే అవుట్, మాట చదవలేకపోతే అవుట్. ముందుగా బయటపడేది ఎవరు? సాధన ఎక్కువ కావాల్సినవాళ్లే. మిగిలిన పీరియడంతా వాళ్లు గోడకానుకుని కూర్చుంటారు, వచ్చినవాళ్లు మళ్లీ మళ్లీ సాధన చేస్తారు.

తెలుగు చదవడం దగ్గర మరో ఉచ్చు ఉంది. గుణింతం పాటలా వచ్చేస్తుంది, "క కా కి కీ" అని ఊగుతూ చెబుతారు. మధ్యలో "కే" మీద వేలు పెట్టి ఇదేమిటని అడగండి. పిల్లవాడు మొదటినుంచి "క కా కి కీ..." అని అందుకుంటాడు, వేలు ఉన్నచోటికి వచ్చేదాకా. వాడు చదవడం లేదు, వరుస అప్పజెబుతున్నాడు. అందుకే గుణింతాన్ని వరుస చెడగొట్టి నేర్పాలి. నాకు బాగా నచ్చిన కృత్యం, ఒక మాటలో ఒక్క గుర్తు మార్చుకుంటూ పోవడం. నల్లబల్ల మీద "నారు" రాయండి. దీర్ఘం చెరిపి గుడిదీర్ఘం పెడితే "నీరు". మళ్లీ మారిస్తే "నూరు". ఇంకోసారి మారిస్తే "నోరు". అలాగే "పాలు, పూలు, పేలు". పేలు దగ్గర క్లాసంతా తల గోక్కుంటూ నవ్వుతుంది, నవ్వనివ్వండి. ఒక్క చిన్న గుర్తు మారితే అర్థమంతా మారిపోతోందని వాళ్లే పట్టుకుంటారు. తర్వాత మీరు మాట పలికితే వాళ్లు పలక మీద గుర్తు మార్చాలి. వత్తులకు కూడా ఇదే దారి: "గడి" రాసి, "గుడి" చేసి, మళ్లీ "గడి"కి తెచ్చి, డ వత్తు ఇస్తే "గడ్డి".

ఒక్కొక్కరినీ లేపి రెండేసి వాక్యాలు చదివించడం మాత్రం తగ్గించండి. ఒకరు చదువుతుంటే 34 మంది తమ వంతు ఎప్పుడొస్తుందో లెక్కవేసుకుంటుంటారు. ఎవరైనా తడబడితే అందరూ అందిస్తారు, ఆ పిల్లకు సిగ్గు తప్ప ఏమీ మిగలదు. దాని బదులు: ముందు మీరు భావంతో చదవండి, పిల్లలు వేలు పెట్టి అనుసరించాలి. తర్వాత అందరూ మీతో కలిసి. తర్వాత జంటలుగా, ఒకరు చదివితే ఇంకొకరు వింటూ. 35 మందిలో ఒకేసారి పదిహేడు పద్దెనిమిది మంది గొంతులు చదువుతుంటాయి. మీరు తిరుగుతూ నలుగురి దగ్గర ఆగి వినండి, రేపు వేరే నలుగురు. కథయితే సరైన చోట ఆపి "ఇప్పుడేమవుతుందో జంటకు చెప్పండి" అనండి. పాఠం కింద ఉన్న ప్రశ్నలకంటే ఇది ఎన్నో రెట్లు మేలు, ఎందుకంటే ముందు జరిగింది అర్థం కాకపోతే తర్వాత జరిగేది ఊహించలేరు.

మీ క్లాసులో అక్షరాలే రానివాళ్లు ఉంటారు, కథలు గడగడా చదివేవాళ్లూ ఉంటారు. ఒకే పాఠంతో ఇద్దరినీ లాక్కురావడం ఎవరివల్లా కాదు. రోజులో ఒక పీరియడయినా తరగతిని పక్కనపెట్టి స్థాయిని బట్టి కూర్చోబెట్టండి. పిల్లల చదువు కోసం పనిచేసే ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ ఏళ్లుగా చేస్తున్నది ఇదే: అక్షరం, పదం, పేరా, కథ, ఎవరు ఎక్కడ ఆగిపోతున్నారో చూసి అక్కడినుంచి మొదలుపెట్టడం. ఆ జట్లకు "తెలివైనవాళ్లు, మొద్దులు" అన్న వాసన తగలకుండా చూడండి, జట్లను తరచూ మార్చండి. కథలు చదివే జట్టుకు మీ అవసరం తక్కువ, ఆ సమయం అక్షరాల జట్టుకివ్వండి.

పరిసరాల విజ్ఞానంలో నేను పట్టుబట్టేది ఒక్కటే: చేసి చూపించే ముందు ఊహ రాయించండి. నీళ్ల తొట్టి పెట్టి, ఏది మునుగుతుంది ఏది తేలుతుంది అని వస్తువులు ఒక్కొక్కటీ వేస్తూ పోతే అది గారడీ. వేసేముందు ప్రతి ఒక్కరూ పలక మీద "మునుగు" లేదా "తేలు" అని రాసి ఉంటే, ఫలితం మీద వాళ్లకు పట్టింపు ఉంటుంది. "బరువైనవి మునుగుతాయి" అని దాదాపు అందరూ నమ్ముతారు. ఒక మట్టిముద్ద వేయండి, మునిగింది. అదే ముద్దను తీసి, ఏమీ తగ్గించకుండా, గిన్నెలా వెడల్పుగా చేసి మెల్లగా పెట్టండి, తేలుతుంది. బరువు అంతే, మరెందుకు తేలింది? రెండో తరగతిలో దానికి పూర్తి జవాబు చెప్పనక్కర్లేదు. ఆకారానికి కూడా పాత్ర ఉందన్నంత వరకు వస్తే చాలు. అలాగే కొలతల్లో: బల్ల పొడవు జానలతో కొలిపించండి, మీరూ కొలవండి. ఒకే బల్లకు అందరి అంకెలూ వేర్వేరుగా వస్తాయి. స్కేలు ఎందుకు కావాలో అప్పుడు చెబితే వింటారు.

గోల విషయానికొస్తే, అందులో రెండు రకాలున్నాయి. చప్పుడంతా పని గురించే అయితే కంగారు పడకండి. పని గురించి కాకపోతే, నూటికి తొంభైపాళ్లు కారణం పిల్లల అల్లరి కాదు, మన ఏర్పాటు. సామాను ముందు పంచి తర్వాత సూచనలు చెబితే ఎవరూ వినరు, చేతిలో పుల్లలుండగా మన మాట ఎవరికి కావాలి? ముందు చెప్పండి, ఒక జంటను పిలిచి అందరి ముందు చేయించండి, "ముందేం చేయాలి?" అని ఇద్దరితో తిరిగి చెప్పించండి, ఆ తర్వాతే పంచండి. సూచనలు ఒక్కసారి నాలుగు చెప్పకండి, చిన్నపిల్లల బుర్రలో రెండోది నిలిచేసరికి మొదటిది జారిపోతుంది. ఒకటి చెప్పి చేయించి, తర్వాతిది చెప్పండి. ఆపడానికి ఒక గుర్తు పెట్టుకోండి, చప్పట్ల వరుసో, ఎత్తిన చెయ్యో. గొంతు పెంచి గోలను మించాలని చూడకండి, వాళ్లు ఇంకాస్త పెంచుతారు, సాయంత్రానికి మీకు గొంతు ఉండదు. ముందుగా ముగించినవాళ్లకు ఏం పని అన్నది ముందే అనుకోండి, చాలా గొడవలు అక్కడే పుడతాయి. సామాను తీసుకోవడం, తిరిగి పెట్టడం, జంట వైపు తిరగడం, ఇవన్నీ కూడా పాఠాలే. సంవత్సరం మొదట్లో రెండు వారాలు వీటికే సాధన చేయించినా నష్టం లేదు, తర్వాత ప్రతిరోజూ ఆ సమయం తిరిగి వస్తుంది.

సిలబస్ టెన్షన్ కొంత మనం తెచ్చిపెట్టుకున్నదే. ప్రతి పాఠానికీ కృత్యం ఉండాలని ఎవరన్నారు? వారాల పేర్లకు నాటకం అక్కర్లేదు, చెప్పి వల్లె వేయించండి. ఎక్కాలు అర్థమయ్యాక కంఠతా రావాల్సిందే. పిల్లలు పొరపడే అవకాశమున్న చోట, చేత్తో చేస్తే తప్ప అర్థం కాని చోట కృత్యం పెట్టండి, మిగతాది నేరుగా చెప్పేయండి. రోజూ మొదటి అయిదు నిమిషాలు పుస్తకం మూసి పలక మీద నిన్నటి ప్రశ్న ఒకటి, పోయిన వారంది ఒకటి, పోయిన నెలది ఒకటి వేయండి. చదివింది మళ్లీ చదవడం కంటే, గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించడం వల్ల ఎక్కువకాలం నిలుస్తుందని రోడిగర్, కార్పికె అనే మనస్తత్వవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగాల్లో తేలింది. పరీక్షల ముందు పునశ్చరణ పేరుతో పోయే వారాలు దీంతో చాలావరకు మిగులుతాయి.

తల్లిదండ్రుల మాట కొట్టిపారేయకండి. "ఈరోజు ఏం చేశారు" అంటే పిల్లవాడు "ఆడుకున్నాం" అంటాడు, వాళ్లు నమ్మేది ఆ మాటనే. కృత్యం చివర అయిదు నిమిషాలు మిగుల్చుకుని, ఏం చేశామో, ఏం తెలిసిందో ఒక వాక్యం నోటుపుస్తకంలో రాయించండి, తేదీతో. "42లో 17 పోవాలంటే ఒక కట్ట విప్పాలి." పక్కన గీతలు, చుక్కల బొమ్మ. రాయలేనివాళ్లు బొమ్మ ఒక్కటే వేసినా సరే. ఇంట్లో పుస్తకం తెరిస్తే ఆట కనిపించదు, లెక్క కనిపిస్తుంది. నల్లబల్ల మీద మీరు రాసింది చూసి దించుకోనివ్వకండి, వాళ్ల మాటల్లోనే ఉండాలి, తప్పులున్నా సరే. తప్పుల్లో కూడా ఆరోజు నేర్పినదానికి సంబంధించినవి మాత్రమే దిద్దండి. పేజీ అంతా ఎర్రసిరా చేస్తే మరుసటిరోజు ఆ పిల్ల రెండు మాటలకు మించి రాయదు.

వచ్చిందో లేదో తెలిసేదెలా అన్న మూడో ప్రశ్నకు సగం జవాబు పలకల దగ్గరే చెప్పాను. మిగతా సగం ఇది. పీరియడ్ ముగిసే ముందు ఒకే ఒక్క ప్రశ్న, జంట సాయం లేకుండా, చిన్న కాగితం మీద పేరుతో రాయించి తీసుకోండి. కృత్యంలో చేసినదే కాకుండా కాస్త మార్చిన ప్రశ్న అడగండి. పుల్లలతో 42లోంచి 17 తీసి ఉంటే, కాగితం మీద 53లోంచి 28 ఇవ్వండి. దిద్ది మార్కులు వేయకండి. మూడు దొంతరలు చేయండి: వచ్చినవాళ్లు, పొరపాటున తప్పినవాళ్లు, 35 అని రాసినవాళ్లు. (పెద్ద అంకెలోంచి చిన్నది తీసేస్తే ఇక్కడ కూడా 35 వస్తుంది, అందుకే ఈ లెక్క ఎంచుకున్నాను.) ఆ మూడో దొంతరలోని పేర్లు రేపటి పాఠ్యప్రణాళికలో మొదటి వరుసలో రాసుకోండి. మిగతావాళ్లు నోటుపుస్తకంలో లెక్కలు చేసుకుంటుండగా వాళ్లను మీ చుట్టూ నేలమీద కూర్చోబెట్టుకుని, మళ్లీ పుల్లలు తీయండి.